మీటరు చూడకుండా వేసిన అంకె

2021 సెప్టెంబరు 18న మేము ఇంగ్లండులోని మిల్టన్ కీన్స్‌లో ఒక అద్దె ఇంట్లో దిగాము. మూడు పడకగదుల ఇల్లు, ఇంటినీ నీళ్లనూ వేడిచేసే గ్యాస్ బాయిలరు, ఆరు నెలల పాప. చలి ముదిరాక బాయిలరు ఆగిన పూట అంటూ లేదు. అయినా డిసెంబరు ఆఖరున వచ్చిన మొదటి గ్యాసు బిల్లు మేము భయపడినంత రాలేదు. తక్కువ వచ్చిన బిల్లును ఎవరూ రెండోసారి తీసి చూడరు, మేమూ చూడలేదు. అందులో రీడింగ్ అంకె పక్కన ‘ఈ’ అనే ఒంటి ఆంగ్ల అక్షరం ఉంది. దాని అర్థమేమిటో మాకు తెలిసేసరికి 179 పౌండ్ల తగాదా నడిచింది. ఈ దేశానికి కొత్తగా వచ్చి ఇల్లు తీసుకుంటున్న మన కుటుంబాలకు ఉపయోగపడుతుందని ఆ వ్యవహారమంతా వివరంగా రాస్తున్నాను.

ఇక్కడి చాలా కంపెనీల బిల్లుల్లో రీడింగ్ పక్కన మూడు అక్షరాలలో ఏదో ఒకటి ఉంటుంది. ‘ఏ’ అని ఉంటే మీటరు చూసే మనిషి వచ్చి తీసుకున్నదో, స్మార్ట్ మీటరు తానుగా పంపినదో, అంటే అసలు రీడింగ్. ‘సి’ అని ఉంటే మనం చూసి పంపినది. ‘ఈ’ అని ఉంటే మీటరును ఎవరూ చూడలేదని, కంపెనీ తనకు తానుగా ఒక అంకె వేసుకుందని అర్థం. చిక్కు ఎక్కడ వస్తుందంటే, ఈ మూడూ ఒకే వరుసలో, ఒకే అచ్చులో, ఐదేసి అంకెలతో ఉంటాయి. 04181 అని అచ్చయిన సంఖ్య అంచనాలా కనిపించదు. సుమారు నాలుగు వేలు అని రాసి ఉంటే మనకు అనుమానం వచ్చేదేమో గాని, చివరి ఒకటి దాకా లెక్కగట్టినట్టున్న సంఖ్యను చూసి ఇది మీటరు మీద ఉన్నదే అనుకుంటాము.

మా అత్తయ్యగారు తెనాలి నుంచి 2022 మార్చిలో వచ్చారు. ఆ నెల 31వ తేదీన ఇక్కడ టీవీలో పొద్దుటి నుంచి ఒకటే వార్త. మర్నాటి నుంచి ఇంధన ధరలు పెరుగుతున్నాయి కాబట్టి అందరూ ఆ రోజే మీటరు రీడింగ్ తీసి కంపెనీకి పంపమని చెబుతున్నారు. ధరల మీద గరిష్ఠ పరిమితి విధించే నియంత్రణ సంస్థ ఆఫ్‌జెమ్ ఆ ఏప్రిల్ 1 నుంచి సగటు ఇంటి వార్షిక బిల్లు పరిమితిని 1,277 పౌండ్ల నుంచి 1,971 పౌండ్లకు పెంచింది. గ్యాసు ఒక్కటే చూసుకుంటే, కిలోవాట్ అవర్‌కు సగటున 4.07 పెన్స్ ఉన్నది 7.37 పెన్స్ అవుతోంది. మావారు వార్త చూసి బిల్లు తీశారు. అత్తయ్యగారు దాన్ని అందుకొని అటూ ఇటూ తిప్పి, “ఇంతకూ మీటరు చూసే మనిషి ఎప్పుడొచ్చాడే అమ్మాయ్? మన దగ్గరైతే కరెంటు మీటరు చూసి మిషనులోంచి చీటీ చింపి చేతికిచ్చి వెళతాడు. నేను వచ్చి ఇన్ని రోజులైంది, ఒక్కరూ తలుపు తట్టలేదే?” అని అడిగారు. ఆమె వచ్చిన తరువాత కాదు, మేము దిగిన నాటి నుంచే ఎవరూ రాలేదని నాకు అప్పుడు తట్టింది.

మీటరు మెట్ల కింది అరలో ఉంది. మా సూట్‌కేసులు, పాప బండి బయటికి లాగితే గాని కనబడలేదు. అత్తయ్యగారు ఫోను దీపం పట్టుకున్నారు, నేను మోకాళ్ల మీద లోపలికి వంగి చూశాను. నల్లటి గడుల్లో 04664 ఉంది. పక్కన ఎర్ర గడుల్లో మూడు అంకెలు. బాయిలరు నడుస్తోంది కాబట్టి వాటిలో చివరిది నా కళ్ల ముందే మెల్లగా దొర్లుతోంది. ఎర్ర అంకెలు పంపనక్కరలేదు, నల్లవే రీడింగ్. గాజు మీద దీపపు మెరుపు పడకుండా ఫోనును కాస్త వారగా పట్టుకొని ఒక ఫొటో తీశాను. పంపుదామంటే కంపెనీ వెబ్‌సైటు తెరుచుకోలేదు. మాదొక్కటే కాదు, ఆ రోజు దేశమంతా ఒకేసారి రీడింగ్ పంపడానికి ఎగబడడంతో చాలా కంపెనీల వెబ్‌సైట్లు స్తంభించిపోయాయి. రాత్రి పదకొండు దాకా ప్రయత్నించి, ఫొటో ఉందిలే అనుకొని పడుకున్నాము.

తరువాతి పక్షంలో మళ్లీ తీరిక చిక్కి ఏప్రిల్ 17న వెబ్‌సైటులోకి వెళ్లి, ఆ రోజు మీటరు మీద ఉన్న 4,698 నమోదు చేసి, పని అయిపోయిందనుకున్నాము. నెలాఖరున వచ్చిన బిల్లులో ఆ 17 రోజులకు గ్యాసు వాడకం 427 పౌండ్లు. మార్చి 31కి కంపెనీ తానుగా 4,181 అని అంచనా వేసి, పక్కన ‘ఈ’ పెట్టి, పాత ధర లెక్కను అక్కడితో మూసేసింది. మేము పంపిన 4,698 లోంచి దాన్ని తీసివేయగా వచ్చిన 517 యూనిట్లను ఏప్రిల్ 1 నుంచి 17 లోపల వాడినట్టు చూపి, మొత్తానికీ కొత్త ధర కట్టింది.

ఇక్కడ యూనిట్ల సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే మీటరు కొలిచేది ఒకటి, మనం డబ్బు కట్టేది మరొకదానికి. మీటరు కొలిచేది గ్యాసు పరిమాణం, అంటే ఘనపు మీటర్లు. బిల్లు పడేది ఆ గ్యాసులోని వేడికి, అంటే కిలోవాట్ అవర్లకు. ఒకదాన్ని రెండోదిగా మార్చడానికి మూడు అంకెలు కావాలి. గ్యాసు పరిమాణం ఉష్ణోగ్రతను బట్టి, పీడనాన్ని బట్టి మారుతుంది కాబట్టి ఇళ్ల మీటర్లన్నిటికీ ఒకే సవరణ గుణకం పెట్టారు, అది 1.02264. తరువాత, గొట్టంలో వచ్చే గ్యాసు అన్ని రోజులూ ఒకే నాణ్యతతో ఉండదు కాబట్టి ఘనపు మీటరుకు ఎన్ని మెగాజౌళ్ల వేడి ఇస్తుందో చెప్పే కెలోరిఫిక్ విలువతో గుణిస్తారు. అది ప్రతి బిల్లులోనూ అచ్చవుతుంది, మా బిల్లులో 39.5 ఉంది. చివరగా, ఒక కిలోవాట్ అవర్ అంటే 3.6 మెగాజౌళ్లు కాబట్టి 3.6 తో భాగిస్తారు. ఆ లెక్కన మీటరు మీద ఒక ఘనపు మీటరు తిరిగితే బిల్లులో 11.2 కిలోవాట్ అవర్లు పడతాయి. అంచనా ఒక యూనిట్ తప్పితే బిల్లులో పదకొండు కిలోవాట్ అవర్లకు పైగా తప్పినట్టే. మొదట నాకు అందనిది ఇదే. మీటరు అంకెల్లో చిన్నగా కనబడిన తేడా బిల్లు మీద అంతగా ఎందుకు పెరిగిందో అప్పటిదాకా అర్థం కాలేదు.

పాత ఇళ్లలో ఘనపుటడుగుల మీటర్లు ఇంకా ఉన్నాయి. వాటిలో నాలుగే నల్ల అంకెలు ఉంటాయి. ఒక్కో యూనిట్ నూరు ఘనపుటడుగులు, అంటే 2.83 ఘనపు మీటర్లు. లూటన్‌లో మా స్నేహితుల ఇంట్లో పాత మీటరు తీసేసి కొత్తది పెట్టారు గాని, కంపెనీ రికార్డులో మాత్రం పాత రకంగానే ఉండిపోయింది. వాళ్లు ప్రతి నెలా శ్రద్ధగా సరైన రీడింగే పంపుతూ, దాదాపు మూడింతల బిల్లు కట్టారు. మీటరు మొహం మీద ఏ కొలత ముద్రించి ఉందో, బిల్లులో ఏ కొలత రాసి ఉందో ఒకసారి సరిచూసుకోవడానికి రెండు నిమిషాలు చాలు.

మళ్లీ మా అంచనాకు వస్తాను. 4,664 ఉండవలసిన చోట 4,181 ఎక్కడి నుంచి వచ్చిందన్నది నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచిన ప్రశ్న. ఈ దేశంలో ప్రతి గ్యాసు మీటరు చోటుకూ ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది, దాన్ని ఎంపీఆర్ఎన్ అంటారు. ఆ చోటు ఏడాదికి ఎంత గ్యాసు వాడుతుందన్న వార్షిక పరిమాణం ఒకటి దానికి జోడించి ఉంటుంది. వెనుకటి రీడింగులను బట్టి దాన్ని లెక్కగడతారు. ఇళ్లలో గ్యాసు ముఖ్యంగా వేడి కోసమే కాబట్టి ఆ వార్షిక పరిమాణాన్ని పన్నెండు సమ భాగాలు చేయరు, చలి నెలలకు పెద్ద వాటా, ఎండ నెలలకు చిన్న వాటా పంచుతారు. పద్ధతిలో తప్పేమీ లేదు, పైగా ఆలోచించి చేసిన పద్ధతే. అయితే ఆ చరిత్ర మీటరు చోటుది, మనిషిది కాదు. మాకు ముందు ఆ ఇంట్లో ఒక పెద్దావిడ ఒంటరిగా ఉండేవారని ఇంటి ఏజెంటు చెప్పారు. మేము పసిపిల్లతో ఇల్లంతా వెచ్చగా ఉంచుకొని బతుకుతుంటే, బిల్లు మాత్రం ఆవిడ ఒక్క గదిలో హీటరు వేసుకున్న చలికాలాన్ని మా పేరు మీద రాస్తోంది. కొత్త ఇంట్లో మొదటి ఏడాది వచ్చే ‘ఈ’ బిల్లును నమ్మకూడదని నేను గట్టిగా చెప్పడానికి ఇదే కారణం. ఆ అంచనాకు మనం ఎవరమో తెలియదు.

నేను ఫోను చేస్తే మొదట మాట్లాడిన ఉద్యోగిని మర్యాదగానే మాట్లాడారు గాని, “మీటరు మీద 4,698 ఉందని మీరే చెప్పారు కదా, అంత గ్యాసూ మీరు వాడినదే కదా” అన్నారు. ఆ మాట నిజమే. మేము వాడని గ్యాసు అందులో ఒక్క యూనిట్ కూడా లేదు. తప్పు గ్యాసులో లేదు, తేదీలో ఉంది. మార్చి 31 నాటికి మీటరు 4,664 దగ్గర ఉందని మా ఫొటో చెబుతోంది. అంటే 483 యూనిట్లు పాత ధరలో కాలినవి, కొత్త ధరలో కాలినవి 34 మాత్రమే. ఆ 483 యూనిట్లంటే దాదాపు 5,420 కిలోవాట్ అవర్లు. పాత ధరకు 220 పౌండ్లు పైచిలుకు, కొత్త ధరకు 399 పౌండ్లు. ఇది తేల్చడానికి కాగితం మీద నాలుగు వరుసలు చాలాయి. ఆ నాలుగు వరుసలూ రాసి, ఫొటో జతచేసి, ఇది ఫిర్యాదుగా నమోదు చేయమని ఈమెయిలు పంపాను. ఫోనులో వాదించడం కన్నా రాసి పంపడం ఎంత మేలో అప్పుడు తెలిసింది. ఫిర్యాదుగా నమోదైతే దానికి గడువు మొదలవుతుంది. అప్పటి నిబంధన ప్రకారం ఎనిమిది వారాల్లో తేలకపోతే, ఇటువంటి తగాదాలు తీర్చే స్వతంత్ర సంస్థ ఎనర్జీ ఓంబుడ్స్‌మన్ దగ్గరికి ఉచితంగా వెళ్లవచ్చు. అంతదూరం వెళ్లవలసిన అవసరం రాలేదు. ఐదో వారంలో సవరించిన బిల్లు వచ్చింది. మార్చి 31 పక్కన 4,664 ఉంది, దాని పక్కన ‘ఈ’ పోయి ‘సి’ వచ్చింది. 179 పౌండ్లు మా ఖాతాలో జమ అయ్యాయి.

బిల్లు తిరగేస్తున్నప్పుడు ఇంకొకటి బయటపడింది. మేము దిగిన రోజు రీడింగ్ 3,790 అని వాళ్లు వేసుకున్నది కూడా అంచనాయే. ఇల్లు అప్పగించేటప్పుడు ఏజెంటు రాసిచ్చిన సామాను జాబితాలో మీటరు ఫొటో ఉంది, అందులో 3,846. ఆ నడుమనున్న 56 యూనిట్లు మేము గడప దాటకముందు కాలినవి. డబ్బులో పాతిక పౌండ్లే గాని, అడిగితే అదీ సరిచేశారు. ఆ పాతిక పౌండ్లు ముందున్న పెద్దావిడ లెక్కలోకి వెళ్లి ఉంటాయన్న ఊహ నాకు కష్టంగానే తోచింది. దిగిన రోజే మేము ఫొటో పంపి ఉంటే ఆవిడ ఆఖరి బిల్లు కూడా మొదటే సరిగ్గా తేలిపోయేది.

అంచనా ఎప్పుడూ తక్కువే వస్తుందని కాదు. పెద్ద కుటుంబం ఖాళీ చేసిన ఇంట్లో కొత్త దంపతులు దిగితే ఎక్కువ వస్తుంది. దాన్ని చాలామంది పట్టించుకోరు, ఎందుకంటే ఇక్కడ ఎక్కువ మంది డైరెక్ట్ డెబిట్‌లో, అంటే కంపెనీయే బ్యాంకు ఖాతా నుంచి తీసుకునే పద్ధతిలో, నెలనెలా ఒకే మొత్తం కడతారు. ఆ మొత్తాన్ని కంపెనీ నిర్ణయించేదీ ఈ అంచనాల మీదే. ఎక్కువ అంచనా వేస్తే ఎక్కువ కోస్తుంది, మన డబ్బు వాళ్ల దగ్గర పేరుకుంటుంది. అసలు రీడింగ్ రెండు మూడు నెలలు వరుసగా పంపి, వాయిదా తగ్గించమని, మిగులు వెనక్కి ఇమ్మని అడిగే హక్కు మనకు ఉంది. 2021 చివరలో ఇక్కడ వరుసగా చాలా ఇంధన కంపెనీలు మూతపడ్డాయి. వాటి ఖాతాదారులను ఆఫ్‌జెమ్ వేరే కంపెనీలకు అప్పగించింది, జమలో ఉన్న డబ్బుకు రక్షణ కూడా ఇచ్చింది. అప్పుడు కూడా ప్రజలకు ఇచ్చిన మొదటి సలహా మీటరు ఫొటో తీసిపెట్టుకోమనే.

స్మార్ట్ మీటరు ఉంది కదా, మాకు ఇదంతా ఎందుకు అనేవారికి ఒక మాట చెప్పాలి. గ్యాసు స్మార్ట్ మీటరు బ్యాటరీ మీద నడుస్తుంది. కరెంటు మీటరులాగా ఎప్పటికప్పుడు మాట్లాడదు, అరగంటకోసారి మాత్రమే తన అంకెను పక్కనున్న సమాచార పరికరానికి అందజేస్తుంది. ఆ సంబంధం తెగితే, సిగ్నలు అందకపోతే, మొదటి తరం మీటరు ఉండి కంపెనీ మార్చుకుంటే, మీటరు తన లెక్క తాను సరిగ్గానే తిప్పుకుంటూ ఉంటుంది గాని బిల్లు నిశ్శబ్దంగా అంచనాకు దిగిపోతుంది. గోడ మీద స్మార్ట్ మీటరు ఉన్నంత మాత్రాన సరిపోదు, బిల్లులో ఏ అక్షరం ఉందో చూడాలి.

మావారి సహోద్యోగి ఒకరికి ఇంతకన్నా పెద్ద దెబ్బ తగిలింది. రెండేళ్లకు పైగా అన్నీ ‘ఈ’ బిల్లులే. ఒకనాడు మీటరు చూసే మనిషి వచ్చి వెళ్లాక, వెనుకటి తేడా అంతా కలిపి ఒక్కసారి బిల్లు వేశారు. ఆయన వాయిదాలు పెట్టించుకొని కట్టడానికి సిద్ధపడిపోయారు. 2018 మే నుంచి ఇక్కడ ఇళ్లకు ఒక నిబంధన ఉంది. తప్పు ఖాతాదారుది కానప్పుడు, పన్నెండు నెలలకు మించి వెనక్కి వెళ్లి కంపెనీ డబ్బు అడగకూడదు. ఏడాదికి ఒకసారైనా అసలు రీడింగ్ తీసుకోవడానికి తగిన ప్రయత్నం చేయవలసిన బాధ్యత కూడా కంపెనీదే. మీటరు దగ్గరికి రానివ్వకుండా అడ్డుపడి ఉంటే మాత్రం ఈ రక్షణ దొరకదు. ఆయన అడ్డుపడలేదు, తలుపు తట్టినవాళ్లే లేరు. ఆ నిబంధన పేరు చెప్పి ఉత్తరం రాశాక పన్నెండు నెలల అవతలిదంతా కొట్టివేశారు. కట్టవలసింది కట్టాలి, అందులో నాకు రెండో అభిప్రాయం లేదు. కాని కంపెనీ తన పని చేయకపోవడం వల్ల పేరుకున్న బాకీని, చలికాలం నడుమ, ఒక కుటుంబం మీద ఒక్కసారిగా పడేయడం అన్యాయం. అటువంటి బిల్లు చూసి ఇంట్లో హీటరు ఆపేసుకున్నవాళ్లను నేను ఎరుగుదును.

మనవాళ్లు ఈ విషయంలో తేలిగ్గా పొరబడడానికి ఒక కారణం ఉందనుకుంటాను. మనం పెరిగిన ఇళ్లలో గ్యాసంటే 14.2 కిలోల సిలిండరు. తెచ్చినవాణ్ణి తూకం వేసి చూపమని అడగవచ్చు, అయిపోతే పొయ్యి ఆరిపోతుంది, అంచనాకు అందులో చోటే లేదు. హైదరాబాదులో, విజయవాడలో గొట్టపు గ్యాసు వచ్చిన అపార్ట్‌మెంట్లలో ఇప్పుడిప్పుడే వంటగది గోడకు మీటరు కనబడుతోంది. హైదరాబాదులో ఉన్న మా ఆడపడుచు రెండు నెలలు ఊళ్లో లేనప్పుడు, తలుపు తాళం వేసి ఉందని పాత సగటు మీద బిల్లు వేశారట. ఈ గొడవంతా మా దగ్గర విని ఉన్నందువల్ల, ఆమె ఊరు నుంచి రాగానే మీటరు ఫొటో తీసి పంపి సరిచేయించుకుంది. అక్కడ వంటకు మాత్రమే కాబట్టి తేడా వందల్లో ఉంటుంది. ఇక్కడ ఇల్లు వెచ్చబడేదీ, నీళ్లు కాగేదీ అంతా ఆ ఒక్క గొట్టం మీదే.

ఆ ఇల్లు మేము 2023 ఆగస్టులో ఖాళీ చేశాము. సామాను లారీకి ఎక్కించాక మెట్ల కింది అర మొదటిసారి పూర్తిగా ఖాళీగా కనిపించింది. మోకాళ్ల మీద వంగనక్కరలేకుండానే మీటరు ఫొటో తీసి, తాళాలు అప్పగించకముందే కంపెనీకి ఒకటి, ఏజెంటుకు ఒకటి పంపాను. మా తరువాత దిగబోయే కుటుంబం గుమ్మంలోనే ఉంది, వాళ్ల ఫోనుకూ అదే ఫొటో పంపాను. పదిహేను రోజులకు ఆఖరి బిల్లు వచ్చింది. అందులో మొదట నేను చూసింది కట్టవలసిన మొత్తం కాదు, రీడింగ్ పక్కనున్న అక్షరం. ‘సి’ అని ఉంది.